కోటిలింగం మెడలో తోడుపట్టీ

ఇది చాలా చిన్న కథ. వెదుళ్ళగరువులో రైసుమిల్లు డ్రైవరు కోటిలింగం మెడకి ఒక యంత్రం కట్టారు. అది పని చెయ్యలేదు. అది పని చెయ్యకపోవడం వల్ల చాలామందికి మేలు జరిగింది. అంతే, అన్నం వార్చేలోగా చెప్పెయ్యొచ్చు.

కాకపోతే, కోటిలింగం ఎవరో తెలియాలంటే ముందు ఊరు ఎలా ఉందో తెలియాలి. అప్పటికి ఊరికి అన్నీ వచ్చేశాయి. పెరుగు డ్రోన్ మీద వచ్చి గుమ్మం ముందు దిగుతోంది. బుల్లబ్బాయి కాఫీ హోటల్లో పెసరట్టు తిరగెయ్యడానికి ఒక ఇనపచెయ్యి పెట్టారు. అది బుల్లబ్బాయిని చూసి నేర్చుకుంది కాబట్టి సరిగ్గా బుల్లబ్బాయిలాగే మాడ్చేది. పంచాయతీ ఆఫీసులో ఫిర్యాదులు వినే యంత్రం ఒకటి ఉండేది. అది ఎంత ఓపిగ్గా వినేదంటే, ఏ ఫిర్యాదూ లేనివాళ్ళు కూడా పనులు మానుకుని పోయి దాని ముందు కూర్చునేవారు.

పక్షవాతానికీ అన్నీ వచ్చాయి. మంచం దానంతటదే రోగిని అటూ ఇటూ ఒత్తిగిలిస్తుంది. చచ్చుబడిన చేతికి తొడిగే గ్లవ్ ఒకటి వేళ్ళని ముడుస్తూ తెరుస్తూ ఉంటుంది. గొంతు మీద అతికించే స్టిక్కర్ ఉంది, మెతుకు అడ్డం పడబోతే ముందే కూస్తుంది. రోగికి ఇన్ని యంత్రాలు. ఆ యంత్రాలన్నిటికీ చార్జింగ్ పెట్టే మనిషి మాత్రం ఇంటికి ఒక్కడు. ఆ ఒక్కడికీ ఏ యంత్రమూ రాలేదు. అలాంటి మనిషి ఒకడుంటాడని కనిపెట్టేవాళ్ళకి తోచలేదు.

వెదుళ్ళగరువులో ఆ ఒక్కడు కోటిలింగం. జీవితమంతా మిల్లు నడిపాడు. ఆ చప్పుడులో చెవులు సగం పోయాయి. మిగిలిన సగాన్ని భార్య తాయారమ్మ వాడుకునేది. పిల్లలు లేరు. ఇద్దరికీ కలిపి ఒక వట్టిపోయిన గేదె.

తాయారమ్మ గురించి చెప్పకపోతే ఊరు ఊరుకోదు. ఆవిడ తిట్టని మనిషి ఆ వీధిలో లేడు, ఆవిడ తిట్టని రోజున కోటిలింగం అన్నం తిన్నదీ లేదు. తిట్టడం ఆవిడకి పని, పెళ్ళిళ్ళలో తిట్టడం కళ. మగపెళ్ళివారు బంతిలో కూర్చుని భోంచేస్తుంటే, ఆడపెళ్ళివారి తరఫున వాళ్ళని ఎగతాళి చేస్తూ పాట కట్టాలి. ఆ పాటకి తాయారమ్మని ఏడూళ్ళవాళ్ళు బతిమాలి తీసుకెళ్ళేవారు. ఆవిడ నోట పడ్డ వియ్యపురాళ్ళు కొందరు ఈ రోజుకీ వియ్యాలవారి గుమ్మం తొక్కలేదు. కోటిలింగం మీద కూడా ఆవిడ మొదట పాటే కట్టింది. అప్పుడతను ఎవరి పెళ్ళికో మగపెళ్ళివారి వైపు వచ్చిన కుర్రాడు, బంతిలో చివర కూర్చున్నాడు. గుంజ పక్కన నిలబడ్డ పిల్ల గొంతెత్తింది:

పెళ్ళివారి బంతిలో పెద్దకడుపు బావగారు
గారెలన్ని మింగి ఇంక గంగాళం అడిగినారు

బంతంతా ఘొల్లుమంది. కోటిలింగం చేతిలో గారె చేతిలోనే ఉండిపోయింది. ఇంటికి వెళ్ళి, ఆ పిల్లని తప్ప ఇంకెవరినీ చేసుకోనన్నాడు. అందుకే అతనికి బుర్ర తక్కువని ఊళ్ళో కొందరంటారు.

ఆ తాయారమ్మ ఒక పొద్దున్న, పెరుగు పుల్లగా ఉందని డ్రోన్‌ని తిడుతూ తిడుతూ సగంలో ఆగిపోయింది. డ్రోన్‌కి ఏమీ అనిపించలేదు. పెరట్లో గేదెకి గడ్డి వేస్తున్న కోటిలింగం మాత్రం గడ్డి మోపు కింద పడేసి పరిగెత్తుకొచ్చాడు.

ఆసుపత్రిలో ప్రాణం నిలబెట్టారు. కుడివైపు కాలూ చెయ్యీ పోయాయి. మాట పోయింది. చెప్పింది అర్థమవుతుంది, కళ్ళతో జవాబు చెబుతుంది, నోట్లోంచి మాత్రం ఒక్క ముక్క రాదు. దేవుడి పాటలు వినిపిస్తే మాట రావచ్చని అక్కడ భజనలు పెట్టారు. ఆవిడ మొహం గోడ వైపు తిప్పుకుంది.

"పోన్లే, ఇన్నాళ్ళకి కోటిలింగానికి ప్రశాంతత దొరికింది" అన్నాడు బుల్లబ్బాయి హోటల్లో. నలుగురూ నవ్వారు. నవ్వాక ఎవరికీ కాఫీ సహించలేదు.

ఆ ప్రశాంతతలో కోటిలింగం సగమైపోయాడు. ఆవిడని తుడవడం, తిప్పడం, తినిపించడం అన్నీ తనే. ఇంకొకరిని చెయ్యి వెయ్యనిచ్చేవాడు కాదు. నిద్రపోడు. పడుకుంటే కళ్ళు మూతపడవు, మూతపడితే గుండె దడదడలాడి లేచి కూర్చుంటాడు. పక్కింటి నూకరత్నం ఒకరోజు గోడ మీంచి చూసేసరికి, చేతిలో జావగిన్నెతో ద్వారబంధానికి ఆనుకుని నిలబడి కునుకుతున్నాడు. ఆవిడ వెళ్ళి గిన్నె తీసుకోబోతే కళ్ళు తెరిచి, "వద్దమ్మా, నేనే పడతాను" అన్నాడు. జావ అప్పటికే చల్లారిపోయింది.

మరుసటి వారం తాయారమ్మని మంచం మీంచి కుర్చీలోకి మారుస్తుంటే కళ్ళు తిరిగాయి. ఇద్దరూ నేల మీద కూలబడ్డారు. ఆవిడకి దెబ్బ తగల్లేదు గానీ, కింద పడుతూ అతను ఆవిడ తల కింద చెయ్యి పెట్టాడు కాబట్టి అతని మణికట్టు వాచింది. ఆరోగ్య కేంద్రంలో బీపీ చూసి, "ఇలాగే ఉంటే ఆ ఇంట్లో రెండో మంచం వెయ్యాలి" అన్నారు.

ఆ మాట తాయారమ్మ తమ్ముడు సత్తిరాజుకి చేరింది. సత్తిరాజు రాజమండ్రిలో ఉంటాడు. ఏ పనికైనా కారు వేసుకునే వస్తాడు, దొడ్లోకి వెళ్ళాల్సి వచ్చినా కారుందేమో చూస్తాడని నూకరత్నం అంటుంది.

"బావా, అక్కని నేను తీసుకెళ్తాను. అక్కడ సంరక్షణ కేంద్రంలో మాట్లాడాను. నర్సులుంటారు" అన్నాడు.

"నేనున్నాగా" అన్నాడు కోటిలింగం.

"నువ్వు ఎన్నాళ్ళుంటావని? నీ మొహం అద్దంలో చూసుకున్నావా?"

కోటిలింగం అద్దంలో చూసుకోలేదు, మంచం వైపు చూశాడు. తాయారమ్మ కళ్ళలోంచి నీళ్ళు జారి చెవుల్లోకి పోతున్నాయి. ఆవిడ ఏడవడం అతను అంతకు ముందెప్పుడూ చూడలేదు. అతను కండువాతో ఆ చెవులు తుడిచి, "వెళ్ళదు" అన్నాడు. సత్తిరాజు కారు తాళాలు జేబులో వేసుకున్నాడు. చెడ్డవాడు కాదు మరి, కారొక్కటే గొడవ.

ఆరోగ్య కేంద్రంవాళ్ళు కబురంపితే అప్పుడు వచ్చింది డాక్టర్ సలోమి. విశాఖపట్నంలో ఏదో పరిశోధన చేస్తుంది. మనుషులతో గట్టిగా మాట్లాడుతుంది, యంత్రాలతో మెత్తగా మాట్లాడుతుంది. పెట్టెలోంచి బూడిదరంగు పట్టీ ఒకటి తీసి, పసిపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతుల్తో పట్టుకుని చూపించింది.

"దీని పేరు తోడుపట్టీ. మెడకి కట్టుకోవాలి. మీ నాడి, ఊపిరి, చెమట కనిపెడుతుంది. దాన్నిబట్టి అప్పటికప్పుడు సంగీతం తయారుచేసి చెవిలో వినిపిస్తుంది. కంగారుగా నడిచే మనిషిని ఆపాలంటే ఏం చేస్తాం? ముందు ఆ వేగంతోనే పక్కన నడుస్తాం. తర్వాత మెల్లమెల్లగా మనం అడుగు తగ్గిస్తే వాళ్ళూ తగ్గిస్తారు. ఇదీ అంతే. ముందు మీ గుండె వేగంతో మొదలుపెడుతుంది. తర్వాత నెమ్మదిస్తుంది. మీ గుండె దాని వెనకాల వస్తుంది."

"మంచిదండి. ఆవిడ మెడ సన్నం, కొంచెం బిగించాలి" అన్నాడు కోటిలింగం.

"ఆవిడకి కాదు, మీకు."

"నాకెందుకండీ? జబ్బు ఆవిడకి."

"ఆవిడని చూసుకునేది ఎవరు?"

"నేనేనండి."

"మిమ్మల్ని చూసుకునేది?"

కోటిలింగం మంచం వైపు చూపించాడు. "ఆవిడేనండి" అన్నాడు.

డాక్టర్ సలోమి ఆ జవాబుని పట్టించుకోలేదు. పెద్ద చదువులు చదివినవాళ్ళు మొదటిసారి చెప్పింది పట్టించుకోరు. సత్తిరాజుతో మాట్లాడి ఒప్పించింది. దాళ్వా, అదే రెండో పంట, కోతలయ్యేదాకా ఆగాలి, అప్పటికి కోటిలింగం బీపీ దిగి, మనిషి నిద్రపోతుంటే తాయారమ్మ ఇక్కడే ఉంటుంది. లేకపోతే కారెక్కుతుంది. కోటిలింగం మెడ వంచి పట్టీ కట్టించుకున్నాడు.

"ఒక్కటే నియమం. చెవిలోనే వినాలి. మీ ఒక్కరికే వినపడాలి. లెక్క చెడిపోకూడదు" అని చెప్పి ఆవిడ వెళ్ళిపోయింది.

పట్టీతో ఇచ్చిన బిళ్ళ చెవిలో పెట్టుకుంటే కోటిలింగానికి ఏమీ వినపడలేదు. మిల్లులో కూలీలని పిలవడానికి వాడే పాత లౌడ్‌స్పీకరు ఒకటి మూలపడి ఉంటే తెచ్చి, ఆ బిళ్ళని దానికి వైరుతో కలిపి, మంచంలోంచి కనపడేలా పెరటి వసారాలో కట్టాడు. డ్రైవరు పనితనం, ఒక్క గరగర లేకుండా పట్టీ పాట వీధి చివరిదాకా వినపడింది.

మొదట వేణువు వేసింది. వెదుళ్ళగరువు మొత్తం మెత్తబడిపోయింది. మధ్యాహ్నం మూడింటికి బుల్లబ్బాయి గల్లాపెట్టె మీద తల వాల్చాడు. ఇనపచెయ్యి అతన్ని చూసి పెసరట్టు మధ్యలో ఆగిపోయింది. పంచాయతీలో ఫిర్యాదుల యంత్రం ముందు మనిషి లేడు. నూకరత్నం పప్పు రుబ్బుతూ రుబ్బుతూ నిద్రపోయింది, ఆ రోజు వాళ్ళింట్లో ఎవరికీ గారెల్లేవు. ఊరంతటికీ తోడుపట్టీ పనిచేసింది, దాన్ని మెడకి కట్టుకున్నవాడికి తప్ప. వేణువు మోగినప్పుడల్లా ఎవరో ఫోన్ చేస్తున్నారనుకుని కోటిలింగం లేచి వెతుక్కునేవాడు.

పట్టీ దాన్ని కనిపెట్టి జోలపాట వేసింది. ఎవరింట్లో పాప ఏడుస్తోందోనని లేచాడు. సముద్రం వేసింది. రేడియోలో తుఫాను హెచ్చరికలు గుర్తొచ్చి లేచాడు. వాన వేసింది. వాన చప్పుడు ప్రపంచంలో అందరికీ నిద్ర పట్టిస్తుందని డాక్టరు చెప్పింది. కోటిలింగం మంచం కిందనుంచి బరకాలు లాగి వీధిలోకి పరిగెత్తాడు. మిల్లు కళ్ళంలో ధాన్యం ఆరబోసి ఉంటే వాన చప్పుడు వినగానే బరకాలు కప్పాలి. నలభై ఏళ్ళు అదే చేశాడు. ఎర్రటి ఎండలో, చంకలో బరకంతో, వీధి మధ్యలో నిలబడి ఆకాశం వైపు చూస్తున్న కోటిలింగాన్ని బుల్లబ్బాయి చూశాడు. ఈసారి నవ్వలేదు.

పట్టీ చివరికి ఏమీ వెయ్యకుండా ఊరుకుంది. అది అన్నిటికన్నా పాడుచేసింది.

కోతలు మొదలయ్యాయి. డాక్టర్ సలోమి వచ్చి వీధి మొదట్లోనే లౌడ్‌స్పీకరు విని, ఇంట్లోకి అడుగుపెట్టకుండానే కేక వేసింది.

"కోటిలింగంగారూ! మీ ఒక్కరికే అని చెప్పానా లేదా?"

"వినపడ్డంలేదండీ, ఆయ్" అన్నాడతను. తర్వాత కాస్త తల వంచుకుని, "అదీగాక, ఆవిడ మంచంలో ఉంటే నేనొక్కణ్ణీ చెవిలో పెట్టుకుని వింటే ఏం బావుంటుందండీ? ఆవిడ ఎదురుగా కూర్చుని ఒక్కణ్ణే పకోడీలు తిన్నట్టుంటుంది" అన్నాడు.

డాక్టరు కోపంగా పట్టీ లెక్కలు తెరిచింది. చూస్తూ చూస్తూ నెమ్మదించింది. అరుగు మీద కూర్చుని, "వానకి ఎందుకు లేచారు?" అని అడిగింది. అతను చెప్పాడు. "ఏ చప్పుడూ లేనప్పుడు మీ గుండె అన్నిటికన్నా ఎక్కువ కొట్టుకుంది. ఎందుకు?"

"మిల్లు చప్పుడు ఆగిపోయిందంటే ఏదో విరిగిందనేగా అండి. బెల్టు తెగుంటుంది. ఎవరి చెయ్యైనా పడుంటుంది. చప్పుడున్నంతసేపూ కునుకైనా తీస్తాను. ఆగిందంటే పరిగెత్తాలి."

డాక్టర్ సలోమి ఇంట్లోకి చూసింది. మంచం మెల్లగా తాయారమ్మని ఇటు ఒత్తిగిలించింది. గ్లవ్ వేళ్ళు ముడిచింది, తెరిచింది. ఇల్లంతా నిశ్శబ్దం. డాక్టరుకి అప్పుడు అర్థమైంది. ఆ ఇంట్లో అన్నిటికన్నా పెద్ద చప్పుడు ఆగిపోయింది. కోటిలింగం ఒళ్ళు ఆ రోజునుంచీ పరిగెడుతూనే ఉంది.

"జబ్బు రాకముందు ఈ ఇంట్లో ఏం వినపడేది?" అని అడిగింది.

గోడ మీంచి నూకరత్నం జవాబు చెప్పింది. ఆవిడ అప్పటిదాకా అక్కడే ఉంది, అరిటాకులు కోసుకుంటున్నట్టు. "ఈ ఇంట్లో ఏంటండీ, వీధంతా వినపడేది. మా పిల్ల పెళ్ళి వీడియోలో ఉంది, చూస్తారా? అది చూసినప్పుడల్లా మా వియ్యపురాలు టీవీ కట్టేస్తుంది."

వీడియో తెచ్చారు. తెరమీద పందిరి, బంతి, మగపెళ్ళివారి వంచిన తలలు. వెనకనుంచి తాయారమ్మ గొంతు, కంచుగంటలాగా. అదే పాట, ఎప్పుడో కోటిలింగం మీద కట్టిన పాట. ప్రతి పెళ్ళికీ రెండో చరణం మార్చేది గానీ మొదటిది అలాగే ఉంచేది. "అది నా మీద కట్టిందండి" అన్నాడు కోటిలింగం. పద్మశ్రీ వచ్చినవాడిలా ఉంది మొహం. మంచంలో తాయారమ్మ కళ్ళు మూసుకుంది.

డాక్టర్ సలోమి ఆ గొంతునీ ఆ బాణీనీ పట్టీకి నేర్పింది. "ఇక ఇది ఆవిడలాగే కొత్త చరణాలు కట్టుకుంటుంది. ఒక్క ఇబ్బంది ఉంది. మా దగ్గర ఒక కమిటీ ఉంది. యంత్రం ఎవరినీ నొప్పించే మాట అనకూడదని వాళ్ళ రూలు. అలాంటిదొస్తే అదే మార్చేసి మంచిమాట పెట్టేస్తుంది."

"మంచిమాటలు వదిన గొంతులోనా?" అంది నూకరత్నం. అనుమానంగా గోడ దిగి వచ్చి కూర్చుంది.

మధ్యాహ్నం ఎండలో లౌడ్‌స్పీకరు గొంతు సవరించుకుంది. తాయారమ్మ గొంతే. బాణీ అదే. మొదట గబగబా పాడింది, కోటిలింగం గుండె ఎంత గబగబా కొట్టుకుంటోందో అంత గబగబా. వాలుకుర్చీలో కూర్చున్న కోటిలింగం భుజాలు దిగాయి. పాట నెమ్మదించింది. తల ఒక పక్కకి ఒరిగింది. పాట ఇంకా నెమ్మదించింది. నోరు తెరుచుకుంది. గురక మొదలైంది. డాక్టర్ సలోమి లెక్కలు చూసి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. నెలల తరబడి పరిగెడుతున్న గుండె కూర్చుంది.

ఇప్పుడు పట్టీ సొంతంగా చరణం కట్టింది:

పెళ్ళివారి బంతిలో పెద్దమనసు బావగారు
గారె ఒకటి చాలునంటూ నవ్వి చెయ్యి కడిగినారు

మంచం కమ్మీ ఠంగుమంది. తాయారమ్మ ఎడంచేత్తో కొట్టింది. డాక్టరూ నూకరత్నమూ ఉలిక్కిపడి చూశారు. తాయారమ్మ కళ్ళు లౌడ్‌స్పీకరుని చూస్తున్నాయి, పుల్లటి పెరుగు తెచ్చిన డ్రోన్‌ని చూసినట్టు. తన గొంతుతో, తన బాణీలో, మగపెళ్ళివారిని పొగుడుతున్నారు! ఆడపెళ్ళివారి పరువు మంటగలుస్తోంది. ఆవిడకి తెలిసినంతలో అంతకన్నా ఘోరం ఏ పందిట్లోనూ జరగలేదు.

పట్టీ మళ్ళీ అంది: "పెద్దమనసు బావగారు..."

తాయారమ్మ మెడ నరాలు ఉబ్బాయి. మూతి ఒక పక్కకి లాగింది. లోపలెక్కడో తుప్పుపట్టిన తలుపు కదిలినట్టు ఒక చప్పుడు వచ్చింది. ఆ చప్పుడు బాణీలో పడింది.

"పెద్ద... కడుపూ... బావగారూ..."

నూకరత్నం చేతిలో అరిటాకు చిరిగింది. డాక్టర్ సలోమి చటుక్కున లౌడ్‌స్పీకరు వైరు పీకేసింది. మంచంలో ఆవిడ ఆగలేదు. చరణం మొదలుపెట్టాక మధ్యలో ఆగడం తాయారమ్మ ఎరగదు, ఒక్క డ్రోన్ విషయంలో తప్ప.

"గారెలన్ని... మింగి... ఇంక... గంగాళం... అడిగినారూ..."

ఆ వైరు పీకినప్పుడు వచ్చిన నిశ్శబ్దానికి కోటిలింగం కళ్ళు తెరిచాడు. తెరిచేసరికి మళ్ళీ పాట. ఆవులించి, "డాక్టరమ్మా, ఇప్పుడు బాగా పాడుతోందండి. ఇందాకటిది వట్టి చప్పగా ఉంది" అన్నాడు.

డాక్టర్ సలోమి చేతిలో వైరు చూపించింది.

అతను వైరు చూశాడు. లౌడ్‌స్పీకరు చూశాడు. తర్వాత మంచం వైపు తిరిగాడు. లేచి వెళ్ళి, సగం చెవిని ఆవిడ నోటి దగ్గర పెట్టాడు. ఆవిడ ఆ చెవిలో ఇంకోసారి పాడింది, కడుపు దగ్గర కాస్త గట్టిగా. కోటిలింగం నేలమీద కూర్చుండిపోయి, మంచం కమ్మీకి తల ఆనించి, "ఆయ్" అన్నాడు. "ఆయ్, అవునే. అవును తాయారూ" అన్నాడు.

నూకరత్నం చీర చెంగుతో కళ్ళు తుడుచుకుని, "మా వియ్యపురాలికి ఫోన్ చేసి చెప్పాలి, జాగ్రత్తగా ఉండమని" అంది.

తర్వాత డాక్టర్ సలోమి వీధి మొత్తానికి వివరించింది. మాటలు మెదడులో ఎడమవైపు ఉంటాయి, ఎక్కువమందికి. దెబ్బ అక్కడ తగిలింది. పాటకి మాత్రం కుడివైపు కూడా చోటుంటుంది. మాట రానివాళ్ళు కూడా కొందరు పాడగలరు, పాట పట్టుకుని మెల్లగా మాటలోకి రాగలరు. అందుకే ఆసుపత్రిలో భజనలు పెట్టారు. "మరి భజన ఎందుకు పనిచెయ్యలేదు?" అని బుల్లబ్బాయి అడిగాడు. "ఆవిడ జన్మలో భజన పాడి ఎరగదు కాబట్టి" అంది నూకరత్నం, డాక్టరు నోరు తెరిచేలోగానే.

ఆ రోజునుంచి ఇంట్లో ఏం కావాలన్నా బాణీలోనే వచ్చేది. మామూలుగా మాట్లాడబోతే నోరు కట్టేసినట్టుండేది, ఎగతాళి చేస్తే తెరుచుకునేది. దాహం వేస్తే:

మంచినీళ్ళు అడిగితేను మజ్జిగిచ్చు మారాజు

అని వచ్చేది. కోటిలింగం మజ్జిగ పక్కన పెట్టి మంచినీళ్ళు తెచ్చేవాడు. కొన్ని మాటలు దొరికేవి కావు, అప్పుడావిడ ఎడంచేత్తో కమ్మీని కొట్టేది. అతను ఒక్కొక్క మాటే అందించేవాడు, తన మీద తిట్టుకి కావలసిన మాటలు తనే. దొరికాక ఇద్దరూ కలిసి పాడేవారు. ఆవిడ కుడిచెయ్యి లేవలేదు, ఇంకా లేవలేదు. కాలు కొద్దిగా ఊనుతోంది.

ఇంకొకటి జరిగింది. తాయారమ్మ మళ్ళీ తిడుతోందని తెలిసి వీధిలోవాళ్ళు తిట్టించుకోవడానికి రావడం మొదలుపెట్టారు. తన మీద ఏం కట్టిందో వినందే ఎవరికీ తోచదు కదా. బుల్లబ్బాయి పెసరట్టు పొట్లంతో వచ్చాడు. మాడిన అట్టు మీద చరణం కట్టించుకుని, మర్నాడు ఇంకో అట్టుతో వచ్చాడు. వచ్చినవాళ్ళు ఊరికే కూర్చోరు కాబట్టి ఒకరు ఆవిడకి జావ పట్టేవారు, ఒకరు జడ వేసేవారు, ఒకరు గేదెకి నీళ్ళు పెట్టేవారు. ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వని కోటిలింగం మొదట్లో పక్కనే నిలబడి చూసేవాడు. తర్వాత కూర్చుని చూసేవాడు. తర్వాత అరుగు మీద పడుకుని వినేవాడు. లోపల నలుగురి మధ్య భార్య గొంతు వినపడుతుంటే, మిల్లు నడుస్తున్నట్టే, హాయిగా గురక పెట్టేవాడు.

మెడలో పట్టీ కూడా తీసేశాడు. "చెమట పోస్తోందండి. ఇంక దీనితో పనేముంది?" అని డాక్టరు చేతికిచ్చాడు.

కోతలయ్యాయి. సత్తిరాజు కారులో వచ్చాడు, వెనకసీటు మడతపెట్టి పరుపు కూడా వేసి తెచ్చాడు. ఆరోగ్య కేంద్రంవాళ్ళు కోటిలింగం బీపీ చూశారు, మళ్ళీ చూశారు, యంత్రం మార్చి చూశారు. కుర్రాళ్ళకి ఉండేంత ఉంది. అయినా సత్తిరాజు మనసు ఒప్పుకోలేదు. "ఇప్పుడు బాగానే ఉంది బావా, రేపెలా ఉంటుందో. అక్కా, నువ్వు చెప్పు, వస్తావా?" అన్నాడు. ముందు నూకరత్నం పెట్టిన మినపట్టు తినేసి మరీ అడిగాడు.

తాయారమ్మ తమ్ముణ్ణి ఎగాదిగా చూసింది. ఎడంచేత్తో కమ్మీ మీద తాళం వేసింది.

అక్క మీద ప్రేమ పొంగి కారు వేసుకొచ్చినాడు
అట్టు పెట్టగానె వచ్చిన పని మరిచిపోయినాడు

సత్తిరాజు నోట్లో నీళ్ళు ముక్కులోకి ఎక్కాయి. దగ్గి, నవ్వి, కాసేపు మొహం అటు తిప్పుకున్నాడు. చిన్నప్పుడు అక్క తనని లేపడానికి ఇలాగే పాడేదని అప్పుడు గుర్తొచ్చింది. పరుపు దింపి వసారాలో వేశాడు. "ఇది నీకు, బావా" అన్నాడు. తర్వాత, "వైశాఖంలో మా అమ్మాయి పెళ్ళి. అక్క రావాలి. మావైపు పాడేవాళ్ళు లేరు" అన్నాడు. వచ్చిన అసలు పని అదేనని నూకరత్నం అంటుంది గానీ, ఆవిడ అందరి గురించీ అలాగే అంటుంది.

డాక్టర్ సలోమి ప్రయోగం ఫెయిలైంది. నిజాయితీ మనిషి, అలాగే చెప్పింది. తోడుపట్టీ రోగిని చూసుకునేవాళ్ళ కోసం చేసింది, ఇక్కడ చూసుకునేవాడు దాన్ని తీసి పారేశాడు, అతన్ని రోగే చూసుకుంటోంది. పైగా లౌడ్‌స్పీకరుతో లెక్కంతా చెడింది. "మిమ్మల్ని చూసుకునేది ఎవరని మొదటిరోజే అడిగాను. మీరు చెప్పారు. నేను వినలేదు" అంది కోటిలింగంతో. "నాక్కూడా సగమే వినపడుతుందండి" అన్నాడతను, ఓదార్పుగా. పట్టీని పెట్టెలో పెట్టుకుని, రాజమండ్రి విశాఖపట్నం వెళ్ళే దారిలోనే కాబట్టి, సత్తిరాజు పిలిస్తే పెళ్ళికి ఆవిడ కూడా వచ్చింది.

పెళ్ళి బాగా జరిగింది. తాయారమ్మ చక్రాల కుర్చీలో బంతి చివర కూర్చుంది. వెనక కోటిలింగం కొత్త పంచెలో, మాటలు అందించడానికి. మగపెళ్ళివారు పాపం, చక్రాల కుర్చీ చూసి జాలిపడ్డారు. విస్తట్లో గారె పడగానే పాట మొదలైంది:

పట్టుచీర వియ్యపురాలు పందిరంత కలయదిరిగె
లడ్డులెంతెంతున్నవంటూ జానపెట్టి కొలిచి చూసె

ఆడపెళ్ళివారు చప్పట్లు కొట్టారు. మగపెళ్ళివారిలో కూడా కొందరు కొట్టారు. పన్నెండు చరణాలయ్యేసరికి వియ్యపురాలికి మొహం ఎర్రబడి, ఊపిరి ఎగబోసి, గుండె దడదడలాడింది. డాక్టర్ సలోమి పరిగెత్తుకెళ్ళి పెట్టె తెరిచి, ఆవిడ మెడకి తోడుపట్టీ కట్టింది. పట్టీ వేణువు వేసింది. పాయసం వడ్డించేలోగా వియ్యపురాలు గోడకి ఆనుకుని నిద్రపోయింది.

డాక్టరు అనుకున్నట్టు యంత్రం పనిచెయ్యడం అదే మొదటిసారి. ఆ వియ్యపురాలు దాన్ని ఇంతవరకూ తిరిగి ఇవ్వలేదు.